నాన్న లేస్తాడనుకున్న రోజు

ఏడ్చేవారి మొర వినే దేవునికి స్తోత్రం.

ఆరబోసిన ఇప్పపువ్వు వాసన తగిలితే చాలు, చర్ల అడవిలోని మా వాకిట్లో, జ్వరంతో చనిపోయిన నాన్నను పడుకోబెట్టిన మంచం కనబడుతుంది. మేం ప్రభువును నమ్ముకున్నామని ఊరి శ్మశానంలో చోటివ్వలేదు.

అమ్మ మోకరించి ప్రార్థిస్తుంటే పెదనాన్న నవ్వాడు. "ఏందమ్మా, మీ దేవుడు చచ్చినోళ్లను లేపిండంటివి గద! మా తమ్ముణ్ణి గూడ లేపుమను. గుంతతోటి పనే ఉండది."

నేను నిజమనుకుని నాన్న చెప్పులు కడిగి తెచ్చి మంచం పక్కన పెట్టాను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు.

నాన్న లేవలేదు. అమ్మ లేచింది. గడ్డపార అందుకుని, "దా బిడ్డా, మన చేన్లనే పండవెడదాం" అంది.

ఆమెను లేపింది ఎవరో ఇన్నేళ్లకు అర్థమైంది. ఈరోజు కూడా చోటు దొరకని శవం పక్కన మోకరించినవారి కోసం నాతో కలిసి ప్రార్థించండి.