చేతులెత్తిన పాఠం

మొన్న గిరావీన్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు హిస్టరీ హోంవర్కు ముందేసుకుని, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పారిస్‌లో జరిగిన సంధి చర్చల గురించి రాస్తుంటే పక్కన కూర్చుని చూశాను. జర్మనీ కట్టాల్సిన నష్టపరిహారం ఉంది, చెరిపి గీసిన సరిహద్దులు ఉన్నాయి, నేను వెతికిన ముక్క మాత్రం లేదు. ఒళ్ళు మండింది.

మా తరంలో ఆస్ట్రేలియా వచ్చినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఈ దేశం తెల్లవాళ్ళకే అన్న పద్ధతి ఎత్తేసిన కొత్త రోజులవి. మావారికి పారమట్టాలో ఇంజనీరు ఉద్యోగం, నాకు ఆ దగ్గర్లోనే హైస్కూల్లో హిస్టరీ పాఠాలు చెప్పే పని, అదీ పర్మనెంటు కాదు; ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని సరేనంటేనే ఉద్యోగం నిలిచేది, మేము అద్దె గదుల్లోంచి బయటపడేది. జాతులన్నీ సమానమన్న ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్చమని ఆ చర్చల్లో జపాన్ అడిగిందనీ, గట్టిగా అడ్డుపడింది ఆస్ట్రేలియా ప్రధానమంత్రేననీ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున చెప్తానంటే, మా ప్రిన్సిపాల్, చెడ్డవాడేం కాదు పాపం, పరీక్షలో రానిదాన్ని ఇప్పుడు కదపడమెందుకు, ఉద్యోగం చేతికొచ్చాక చూసుకోవచ్చు కదా అని నచ్చజెప్పాడు. ఆ వాక్యం నిలిచి ఉంటే మనలాంటివాళ్ళకు ఈ తలుపు అన్నేళ్ళు మూసి ఉంచడం అంత సులువయ్యేది కాదని నా నమ్మకం. దాన్ని నేనే మింగేస్తే ఇంకెవరు చెప్తారు?

బందరులో మా నాన్నగారు హెడ్మాస్టరు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే, జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని ముందురోజే పిల్లలకు నేర్పేవారు, వచ్చినాయనకు క్లాసంతా సరస్వతీపుత్రులే. నేను ఏమీ నేర్పలేదు. ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చున్నాక, పిల్లల్ని తలా ఒక దేశానికి ప్రతినిధుల్ని చేసి, నేను అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని, ఆ వాక్యం కావాలన్నవాళ్ళు చేతులెత్తమన్నాను. సగానికి పైగా లేచాయి. అందరూ ఎత్తలేదు కనుక తీర్మానం వీగిపోయిందని ప్రకటించాను. క్లాసంతా గోల. ముందు వరసలోని ఎర్రజుట్టు పిల్ల లేచి నిలబడింది.

"దట్స్ నాట్ ఫెయిర్, మిస్."

పారిస్‌లోనూ సరిగ్గా ఇలాగే జరిగిందని చెప్పి కూర్చోబెట్టాను.

ఉద్యోగం ఖాయం కాలేదు, ఇంకో ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాదంతా అదే అద్దె గదులు, అదే సణుగుడు. ఈసారైనా ఏ మొగలాయి చక్రవర్తుల గురించో చెప్పమని మావారు బతిమాలారు. మరుసటి ఏడు ఆ ఇన్‌స్పెక్టరే వచ్చాడు, నేను ఆ పాఠమే చెప్పాను. ఈసారి పర్మనెంటు చేశాడు. ఎందుకో నాకు తెలియదు.

ఇదంతా తెలుగులో చెప్తే మనవరాలు కలం పక్కన పెట్టి విన్నది.

"బట్ దే వన్ ద వోట్, అమ్మమ్మా."

అదే రాయమన్నాను. మార్కులు పోతాయేమోనంది, పోతే పోనీ అన్నాను. దాని క్లాసులో ఇప్పుడు సగం మంది మన పిల్లలే, ఆ వోటు ఈవేళ పెడితే చెయ్యెత్తనివాళ్ళు ఉండరేమో. కాలం అంత మారినందుకు సంతోషమే, ఆ ఎర్రజుట్టు పిల్ల కోపాన్ని మళ్ళీ చూడలేనన్న బెంగా ఉంది. కానీ ఎన్ని చేతులు లేచినా, నా చూపు ఇప్పటికీ ముందు ఆ అధ్యక్షుడి కుర్చీ వైపే పోతుంది.