కాపీ టు లేని ఆర్డరు

మా మామగారు బస్ డిపో మేనేజరుగా రిటైరయ్యారు. మూడు నెలలుండి పోదామని జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో మా ఇంటికి వచ్చారు. వచ్చిన కొన్నాళ్లకే కరోనా మొదలై విమానాలు ఆగిపోయాయి. ఆయన మా రెండు గదుల ఇంట్లో ఇరుక్కుపోయారు.

సరిగ్గా అప్పుడే ఆఫీసులో నన్ను టీమ్ లీడ్‌ని చేశారు. చేశారంటే పూర్తిగా కాదు. కొన్ని నెలలు చూస్తామన్నారు. నచ్చితే ఉంచుతారు, లేకపోతే మళ్లీ పాత కుర్చీ. ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నాను, దాని మీద నాకు ప్రేమేమీ మిగల్లేదు. హోమ్ ఆఫీసు రోజులు కాబట్టి మావారు పడగ్గది ఆక్రమించి తలుపేసుకున్నారు. నాకు డైనింగ్ టేబుల్ మిగిలింది. దానికి అవతలి వైపు మామగారు ఫోన్లో పేపరు చదువుకుంటూ, దగ్గొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకుంటూ కూర్చునేవారు.

మా టీమ్‌లో ఒక జర్మన్ ఇంజినీరు ఉండేవాడు. నాకంటే చాలా పెద్దవాడు. తెల్ల గడ్డం, వెనక గోడకి వేలాడే సైకిలు. కారు బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ని టెస్టు చేయడం అతని పని. ఆ టెస్టులయితేనే ఆ సాఫ్ట్‌వేర్ నా మొదటి రిలీజుగా బయటికి వెళ్తుంది, అది వెళ్తేనే లీడ్ కుర్చీ నాది. అందుకని రోజూ అడిగేదాన్ని. ఇఫ్ పాసిబుల్, వెన్ యు గెట్ టైమ్, సారీ టు డిస్టర్బ్ యు... నాకు చేతనైన మర్యాదంతా కుమ్మరించేదాన్ని. అతను కాసేపు నిజాయితీగా ఆలోచించి, పాసిబుల్ కాదని చెప్పేవాడు. నేను థాంక్యూ సో మచ్ అనేదాన్ని.

ఒకరోజు కాల్ అయిపోయాక మామగారు కళ్లద్దాలు తీసి అడిగారు.

"బిడ్డా, గా గడ్డపాయనేనా నీ ఆఫీసరు?"

"కాదు మామయ్యా. ఆయనకి నేనే ఆఫీసర్ని."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎవరో పోయిన కబురు విన్నట్టు తల ఊపారు.

మర్నాటి నుంచి నాకు క్లాసులు మొదలయ్యాయి. మామగారు మామూలుగా తెలుగు తప్ప మాట్లాడరు. కానీ అధికారం చెలాయించడానికి పనికొచ్చే ఇంగ్లీషు మాత్రం ఆయన దగ్గర బస్తాలకొద్దీ ఉంది. ఆయన లెక్కలో ప్రతి మాటకీ ఒక మెట్టు.

"రిక్వెస్ట్ అన్నది పైనోళ్లకు. పక్కనోళ్లకు అడ్వైజ్. కిందోళ్లకు డైరెక్ట్. నువ్వు అందరికీ రిక్వెస్టే పెడుతున్నవ్. గట్లయితే డిపోల ఒక్క బస్సు కదలది."

డైరెక్ట్‌కి వినకపోతే మెమో, మెమోకి వినకపోతే ఎక్స్‌ప్లనేషన్, ఆ పైన చార్జ్‌షీట్. సస్పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పులకించిపోయేది. అన్నిటికంటే ముఖ్యం, కింద "కాపీ టు" అని ఇంకొకరి పేరు ఉండాలట. కాపీ టు లేని ఆర్డరు బస్టాండులో పల్లీలమ్మేవాడి కేక లాంటిదట, వింటే వింటారు, లేకపోతే లేదు. ఇక్కడ ఎవరినీ సస్పెండ్ చేసే అధికారం నాకు లేదని, అసలు మెమో ఇస్తే ఉద్యోగుల సంఘంవాళ్లు వచ్చి నాకే ఎక్స్‌ప్లనేషన్ వేస్తారని చెప్పాను. నా ఉద్యోగం మీద ఆయనకి జాలేసింది.

రిలీజు ఇంకో వారం ఉందనగా ఆ గడ్డం మనిషి మళ్లీ పాసిబుల్ కాదన్నాడు. నాకు ఒళ్లు మండింది. మామగారు చెబుతుంటే మెయిలు టైపు చేశాను: "యు ఆర్ హియర్‌బై డైరెక్టెడ్ టు కంప్లీట్ ద టెస్ట్స్ బై థర్స్‌డే, వితౌట్ ఫెయిల్." కింద డిసిప్లినరీ యాక్షన్ గురించి ఒక ముక్క ఉండాలని ఆయన పట్టుబట్టారు. బతిమాలి తీసేయించాను. కాపీ టు దగ్గర మాత్రం ఆయన దిగిరాలేదు. మా పై మేనేజరుకి కాపీ పెట్టించారు. పంపాక కుర్చీ పోయిందనే అనుకున్నాను.

కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. కోపం లేకపోగా గొంతులో భారం దిగినట్టుంది. గురువారానికి కావాలని ఇప్పుడు తెలిసింది, మిగతా పని పక్కన పెడతానన్నాడు. ఇన్నాళ్లూ నేను అతని తీరిక గురించి కుశలం అడుగుతున్నాననుకున్నాడట. "హియర్‌బై" అంటే ఏమిటో మాత్రం తెలియలేదన్నాడు. నాకూ సరిగ్గా తెలియదని చెప్పాను.

గురువారం మధ్యాహ్నానికే టెస్టులయ్యాయి, రిలీజు వెళ్లింది. నెల తిరిగాక పై మేనేజరు కాల్ చేసి, ఇక కుర్చీ నీదే, నీ మెయిళ్లు ఈమధ్య స్పష్టంగా ఉంటున్నాయి అన్నాడు. లాప్‌టాప్ మూసి తలెత్తితే మామగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ కబురు చెబుదామని నోరు తెరిచాను. ఆయనే ముందు అందుకున్నారు.

"బిడ్డా, మీటింగ్ అయిపోయిందా? ఏమనుకోకు. నీకు వీలైతేనే. ఒక చిన్న రిక్వెస్ట్. జర చాయ్ దొరుకుతదా?"

మా పొయ్యి నున్నటి అద్దం పలక. దాన్ని ఎక్కడ ముట్టుకుంటే వెలుగుతుందో ఆయనకి తెలియదు. నా మీటింగులు పొద్దున మొదలైతే సాయంత్రానికి గానీ తెమలవు. అంతసేపూ ఆయన చాయ్ కోసం కూర్చున్నారన్నమాట, డిపో మొత్తానికి డ్యూటీలు వేసిన మనిషి. రిక్వెస్ట్ పైనోళ్లకని నాకు నేర్పింది ఆయనే. ఈ ఇంట్లో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఆయన ఎప్పుడో తేల్చేసుకుని, కింది మెట్టు మీద సర్దుకున్నారు. కుర్చీ సంగతి చెప్పబుద్ధి కాలేదు.

పాలు పెట్టి, పొయ్యి మీద ఎక్కడ నొక్కాలో చూపించాను. తర్వాత గొంతు సవరించుకుని ఆర్డరు వేశాను.

"మామయ్యా, యు ఆర్ హియర్‌బై డైరెక్టెడ్. ఈ ఇంట్లో ఇకమీద నన్ను రిక్వెస్ట్ చేయొద్దు. చాయ్ కావాలంటే కావాలని చెప్పాలి. వితౌట్ ఫెయిల్."

ఆయన డిపో మేనేజరు ముఖం పెట్టారు.

"కాపీ ఎవరికి?"

"మీ అబ్బాయికి."

ఆయన మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు తిరిగారు. వచ్చిన ఇన్ని నెలల్లో నేనెప్పుడూ వినని గొంతుతో కొడుకుని పేరు పెట్టి పిలిచి, మూడు కప్పులు కడగమన్నారు. మావారు హెడ్‌సెట్ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చారు.