అత్త అడిగిన కుప్పసం

ముసురు పట్టిన ఆ పొద్దున స్నానం చేయించి రవిక తొడగబోతే, అత్త చేతులు ఒంటికి బిగించుకుంది.

"ఇది కాదు. కుప్పసం ఏదీ?"

కోడలికి ఆ మాట కొత్త. ఇద్దరూ ఈ గదిలోనే, ఈ కుట్టుమిషన్ మీదే ఇల్లు నడిపారు. చూపు మందగించాక అత్త మిషన్ దిగింది. తరవాత మాటలు కూడా ఒక్కొక్కటే ఆమెను వదిలి దిగిపోయాయి. ఇదొక్కటి ఇవాళ ఏ దారిన తిరిగొచ్చిందో!

"అదేంటత్తా?"

"కుట్టేదానివి, నన్నడుగుతావా!"

తువ్వాలు చుట్టుకుని మంచమ్మీద కూర్చుంది. దగ్గుతోంది. ఇంకేదీ ఒంటి మీద పడనివ్వదు.

కోడలు కింది వాటాలోని మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన నిఘంటువు తిరగేశాడు.

"రవిక అని ఉందమ్మా. చొక్కా అనీ ఉంది. సంస్కృతంలో కూర్పాసం నుంచి వచ్చిందట. పాము విడిచే కుబుసం కూడా దీని చుట్టమే."

"మరి మా అత్త అడిగేది ఏదండీ?"

"ఆ ముక్క మాత్రం ఇందులో లేదు తల్లీ."

మెట్లెక్కుతుంటే కోడలి తలలో ఆ మాట ఒక్కో మెట్టుకు ఒక్కో ఆకారం కట్టింది. చేతులుంటాయా? ముందు తెరిచి ఉంటుందా? గుండీలా, ముడులా?

ముందు మావయ్య పాత చొక్కా చూపించింది.

"మీ మావయ్యది నాకంటగడతావేం?"

పొడుగు చేతుల జాకెట్టు తెచ్చింది. అత్త దాని చంక కుట్టు వేళ్లతో తడిమింది.

"లాగేస్తుంది. ఎవత్తి కుట్టింది?"

"నువ్వే."

"నేనా? ఛీ!"

దగ్గు ఎక్కువైంది. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. టేపు తెచ్చి అత్త ఒళ్లో పడేసింది.

"నావల్ల కాదు. కొలతలు నువ్వే చెప్పు."

అత్త లేచింది. టేపు విప్పి, తన చుట్టూ కాదు, కోడలి ఛాతీ చుట్టూ వేసింది. వేళ్లు చలికి వణుకుతున్నాయి.

"కదలకే, కొలత తప్పుతుంది!"

"వణికేది నీ చేతులు. ముందిది తొడుక్కో, అప్పుడు నిలబడతా."

పని ఆగిపోతోందన్న విసుగుతో అత్త రవికలోకి రెండు చేతులూ దూర్చేసింది, అదేమిటో చూడనైనా చూడకుండా. కోడలు గబగబా హుక్కులు పెట్టింది. దగ్గు నెమ్మదించింది.

"అయితే కుప్పసం నాకా, అత్తా?"

అత్త అప్పటికే పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంది. కోడలు రెండు చేతులూ చాచి నిలబడింది, తన మీద ఏం తయారవుతోందో తెలియకుండా.