జర్మనీ పాతూరు, రెండు టిష్యూ ప్యాకెట్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఏదో ఒక దేశం దొరికేది. నాకు సింగపూర్ దొరికింది. ఏడాది గడిచినా ఇంటి దగ్గర యీషున్‌లో రైలెక్కడం, ఆఫీసు దగ్గర రాఫెల్స్ ప్లేస్‌లో దిగడం తప్ప ఆ ఊరి గురించి నాకేమీ తెలియదు. ఆదివారాలు మాత్రం జర్మనీలో గడిపేదాన్ని. లైబ్రరీలో పాత జర్మన్ పట్టణాల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది (నాకు ముందు దాన్నెవరూ తెరిచినట్టు లేదు). అందులో కోటగోడ మధ్య ఉన్న ఒక చిన్న ఊరి పటాన్ని డైరీలో దించుకుని, వారానికో వీధి నడిచేదాన్ని. ‘ఈరోజు పడమటి గుమ్మం దాటాను. చెక్క దూలాలు బయటికి కనబడే ఇళ్ళు, అరిగి నున్నబడిన రాళ్ళ బాట. వంతెన పక్క రొట్టెల కొట్లో ఆగాను’ అని రాసుకునేదాన్ని. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ గుమ్మంలో నిలబడి, “ఏమ్మా, ఆదివారం పూటా గదిలోనేనా? అలా కూర్చుంటే కాళ్ళు నడక మర్చిపోతాయే తల్లీ!” అనేవారు. అప్పుడే ఊరంతా తిరిగొచ్చానని ఆవిడకెలా చెప్పను?

మధ్యాహ్నం భోజనం ఆఫీసు దగ్గర హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట. అక్కడ కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే ఆ చోటు మనదే, ఇంకెవరూ కూర్చోరు. నేను రెండు పెట్టేదాన్ని. ఒకటి నాకు, రెండోది ఎదురు కుర్చీలో, రాబోయే స్నేహితురాలికి. అలాంటి స్నేహితురాలెవరూ లేరు. ఒక్కదాన్నే తింటున్నానని నలుగురూ జాలిపడకూడదని. మధ్యమధ్య చేతి గడియారం కూడా చూసుకునేదాన్ని (నటనలో లోపం లేకుండా ఉండాలి కదా).

ఒకరోజు ఆ కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. జర్మనీ నుంచి రెండు వారాల పని మీద మా ఆఫీసుకొచ్చినాయన. టిష్యూ ప్యాకెట్ల సంగతి ఆయనకేం తెలుసు? మిరపకాయ కొరికి, కంగారుగా నా స్నేహితురాలి ప్యాకెట్ విప్పి, ముక్కు తుడుచుకున్నాడు. ఆ తర్వాత గుర్తొచ్చి, “ఇక్కడికెవరైనా వస్తున్నారా?” అన్నాడు.

“లేదండీ,” అన్నాను. ఆ కుర్చీ గురించి నేను చెప్పిన మొదటి నిజం అదే.

మాటల్లో ఆయన తన ఊరి పేరు చెప్పాడు. నా డైరీలోని ఊరే! మీటింగుల్లో పెదవి విప్పని నేను, “పడమటి గుమ్మంలోంచి వస్తే గడియారస్తంభం దాటి ఎడమకు తిరగాలి, వంతెన పక్కనే రొట్టెల కొట్టు,” అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను.

“అది మూసేసి ఇరవై ఏళ్ళయింది. మా ఊరెప్పుడొచ్చావు?”

“ప్రతి ఆదివారం,” అనేసి నాలుక కరుచుకున్నాను. ఇక డైరీ సంగతి చెప్పక తప్పలేదు.

ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు (మిరపకాయ కూడా కొంత కారణం). “అయితే శనివారం మీ సింగపూర్ పాతూరు నాకు చూపించు,” అన్నాడు. తెలియదంటే ఆ కుర్చీ మళ్ళీ ఖాళీ అవుతుందేమోనని, సరేనన్నాను.

శనివారం రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లో నేనెప్పుడూ ఎక్కని మెట్లెక్కి బయటపడ్డాం. అంతే, తూర్పేదో పడమరేదో తెలియలేదు. తిరిగి తిరిగి ఒకే బ్యాంకు ముందుకు రెండుసార్లొచ్చాం. మూడోసారికి అక్కడి సెక్యూరిటీ అంకుల్ చెయ్యూపాడు. పెద్దాయన నెమ్మదిగా జేబులోంచి పటం తీసి, “మా ఊళ్ళో నువ్వు దారి చూపిద్దువుగాని, మీ ఊళ్ళో నేను చూపిస్తాను,” అన్నాడు. నది ఒడ్డునున్న పాత దుకాణాల వరసను అలా ఒక జర్మన్ వెనకాల నడిచి మొదటిసారి చూశాను. మరో వారానికి ఆయన వెళ్ళిపోయాడు. చిరునామా అడగడానికి సిగ్గేసింది. మర్నాటి నుంచి మళ్ళీ రెండు ప్యాకెట్లు.

చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో రైలు దిగాను. ఎవరినీ దారి అడగలేదు. పడమటి గుమ్మం, గడియారస్తంభం, ఎడమకు. వంతెన పక్క ఇప్పుడు కాఫీ కొట్టుంది. బయట బల్ల దగ్గర కూర్చుని, ఏమీ ఆలోచించకుండానే ఎదురు కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టాను. కాఫీ తెచ్చినమ్మాయి ఎవరో మర్చిపోయారనుకుని దాన్ని తీసుకుపోయింది. నేను ఆపలేదు. ఆ ఊళ్ళో ఆ పద్ధతి లేదు, ఖాళీ కుర్చీలో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నవ్వుకున్నాను గానీ, కాఫీ చల్లారేదాకా చేతి గడియారం మాత్రం చూసుకుంటూనే ఉన్నాను.