వెస్లీ పోయిందన్న గిటార్

ఏ వస్తువు చేతికిచ్చినా “ఇగ బాగు గాదు” అనడం మా వెస్లీకి అలవాటు. జహీరాబాద్ బస్టాండ్ వెనక మైకులు, యాంప్లిఫయర్లు రిపేరు చేస్తాడు. నాగవ్వ మిక్సీని చూసీ ఆ మాటే అన్నాడు. ఆమె ఉసూరుమంటూ వెళ్లి కొత్తది కొనుక్కుంది. సాయంత్రానికల్లా వెస్లీ చేతిలోనే పాతది గిర్రున తిరిగింది. ఫంక్షన్ హాలు స్పీకర్ ఒకటి ఎదురుగా పాట పాడుతుంటే, అది పోయిందని ఓనర్‌కు నచ్చజెప్పిన ఘనుడు.

మా చర్చిలో నేను కీబోర్డు వాయిస్తాను, నా పక్కన ప్రకాశం సార్ బాస్ గిటార్ వాయిస్తారు. రేకుల షాపులో సుత్తి దెబ్బల మధ్యే బతుకంతా గడిచి ఆయన చెవులు మందగించాయి. తన వాయింపు తనకే వినబడక వాల్యూమ్ పెంచుతూ పోయేవారు. కిటికీ అద్దాలు వణికేవి. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, వెనక మాత్రం తృప్తిగా నవ్వుకున్నారు.

ఈలోగా గిటార్ నాబ్‌లు అరిగి గరగరమనసాగాయి. గిటార్ చర్చిది. కొత్త కంట్రోళ్లు వేయించి తన అల్లుడు చందర్‌కు ఇప్పిద్దామన్నాడు సెక్రటరీ ప్రేమ్‌సాగర్.

“పెద్దాయనకు సన్మానం జేసి కూసోబెడుదం. చెవులు వినవడనోనికి పాటలెందుకు?”

కమిటీ మొత్తం తలూపింది. శాలువా ఏ రంగుది కొనాలన్న దగ్గర మాత్రం చాలాసేపు వాదులాడుకున్నారు.

గిటార్ వెస్లీ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. వెనక మూత విప్పి, అలవాటు ప్రకారం అది పోయిందన్నాడు. నేను శాలువా సంగతి చెప్పాను.

“సార్‌కు ఎరుకేనా?” అని అడిగాడు.

తెలియదన్నాను. వెస్లీ గిటార్‌ను బల్ల మీద పెట్టుకుని, మర్నాడు సార్‌ను వెంటబెట్టుకు రమ్మన్నాడు.

వెళ్లేసరికి కొత్త కంట్రోళ్లు బిగించి ఉన్నాయి. స్పీకర్ వాల్యూమ్ ఎంత ఉండాలో అంతకు పెట్టి, ఆ కంట్రోల్‌ను మూత లోపలే దాచేశాడు. పైన కనబడే నాబ్ తిప్పితే, గిటార్‌కు తగిలించిన హెడ్‌ఫోన్లలో మాత్రమే శబ్దం పెరుగుతుంది.

“సార్, మీ చెవులు పోయినయ్. ఇగ బాగు గావు. గిది వెట్టుకొని వాయించున్రి.”

సార్ ముఖం నల్లబడింది. నాకు వెస్లీ మీద ఒళ్లు మండింది. సార్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని తీగ మీటి, ఆగి, మళ్లీ మీటారు.

“ఇన్ని దినాలు గిన్ని తప్పులు వాయిస్తున్ననా నేను?”

అవునన్నాడు వెస్లీ. సార్ ఆ పూటంతా అక్కడే కూర్చుని దిద్దుకున్నారు.

ఆదివారం అద్దాలు వణకలేదు. గిటార్ బాగైందని ప్రేమ్‌సాగర్ మురిసిపోయి, ఇక గిటార్ చందర్‌కు ఇచ్చేద్దామన్నాడు. మైకు సరిచేయడానికి వచ్చిన వెస్లీ అడ్డుపడ్డాడు.

“చందర్‌కు ఇచ్చుడు దండగ సార్. లోపలంత పోయింది. ప్రకాశం సార్ గాబట్టి ఎట్లనో పలికిస్తున్నడు. ఇంకొకరు ముట్టుకుంటే మూగవోతది.”

ఎప్పుడూ అదే మాట అనే మనిషి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. సన్మానం ఆగిపోయింది.

చర్చిలో నిలబడి అబద్ధమాడావేమని బయట అడిగాను.

“అబద్ధమెక్కడిది? చందర్ చేతిల వడితే నిజంగనే ఖరాబైతుండె” అని స్కూటర్ ఎక్కాడు.