ఏప్రిల్ ఎండలో హీటరు

తొంభైల చివర్లో ఒక ఏప్రిల్. హిందూపురంలో అక్క పోయిందని కబురొస్తే, బెంగళూరు కాటన్‌పేటలో మేనమామను ఎక్కించుకుని నా పాత కారులో బయల్దేరాను. చీకటి పడేలోపే దహనమన్నారు. దేవనహళ్ళి దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది.

రోడ్డు పక్క మెకానిక్ చూసి, "ఇంజన్ మూత కిందుండే హెడ్ గ్యాస్కెట్ పోయిండాది సార్. ఇట్లే తోలితే వేడికి ఆ మూత, హెడ్డే వంకరపోతాది" అన్నాడు.

"పోతే పోనీప్పా, ఆడ మా మేనకోడల్ని ఎత్తేస్తారు" అన్నాడు మామ.

మెకానిక్ రేడియేటర్ నింపాడు. "హీటర్ ఫుల్లుగా పెట్టుకోండి. ఇంజన్ వేడి కొంచెం మీ తట్టు వస్తాది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత తాకితే ఆపేయండి."

ఆ ఎండలో హీటరు వేసుకుని, రోడ్డుకన్నా ముల్లునే ఎక్కువ చూస్తూ నడిపాను. చల్లారడానికి ఆగిన ప్రతిసారీ మామ పొద్దు వైపు చూసేవాడు.

పాడె ఎత్తబోతుండగా చేరాం. తడిసిన నా ముఖం చూసి, దారంతా ఏడ్చాననుకుని బంధువులు ఓదార్చారు. అది చెమట. నాకింకా ఏడుపు రాలేదు.

తర్వాత బెంగళూరు గ్యారేజీలో, వంగిన హెడ్‌ను చదును చేయించి బిగించారు. "ఇంక హిందూపురానికి ఎన్నిసార్లయినా పోయి రావచ్చు సార్" అన్నాడు అక్కడి మెకానిక్. ఏడుపు అప్పుడొచ్చింది.