హుస్నాబీ దారం మీద కోమటి చెరువు

మా గల్లీకి పొద్దున చాయ్ కన్నా ముందు కోమటి చెరువు వచ్చేది. దాన్ని తెచ్చేది హుస్నాబీ, వినిపించేది ఆమె పెనిమిటి అజ్మత్ భాయి. ఇప్పుడు చెబితే మా కోడళ్ళు నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ చెవులు టీవీకి అతుక్కుపోయి చాలా కాలమైంది. నాకు మాత్రం ఆ పొద్దులు మళ్ళీ ఒక్కసారి వస్తే బాగుండనిపిస్తుంది.

అజ్మత్ భాయి సిద్దిపేటలో పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. రోజూ తెల్లవారుతుండగానే సైకిలెక్కి చెరువు కట్టకు పోయి సాధన చేసేవాడు. ఆ సాధన కూడా ఆయనలాగే తిక్కది. ఎదురుగా ఏ పిట్ట ఉంటే ఆ పిట్టకు తాను పెట్టుకున్న స్వరం ఊదేవాడు. కొంగకు పొడుగు స్వరం, నీటికాకికి బొంగురు స్వరం, నీళ్ళలో బుడుంగున మునిగే బుడబుంగకు చిన్న తునక. పిట్ట లేని నీళ్ళ దగ్గర ఊపిరి బిగబట్టి ఆగేవాడు. ఏ పొద్దు చెరువు ఆ పొద్దుకు పాటయ్యేది.

"చెరువు రాస్తది బాలవ్వా, నేను సదువుత, గంతే" అనేవాడు నాతో.

ఎనభైల మొదట్లో ఆయన కళ్ళకు నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు ఇక రాదని దవాఖానలో చెప్పేశారు. బ్యాండువాళ్ళు కొన్నాళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించారు. ఒక బరాత్‌లో ఆయన పోయి పోయి పెళ్ళికొడుకు గుర్రానికి అడ్డం పడ్డాడు. ఆ తర్వాత పిలవడం మానేశారు. క్లారినెట్ పెట్టెలోకి చేరింది, ఆయన మంచమెక్కాడు. కట్టకు తీసుకుపోతానని హుస్నాబీ ఎంత బతిమాలినా కసిరేవాడు.

"కానరాని చెరువు కాడ నాకేం పని?"

వాళ్ళు ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకునేవారు. గల్లీ అంతా వినాలనుకున్న కొట్లాట మాత్రం తెలుగులో సాగేది.

హుస్నాబీ మాతోపాటు బీడీలు చుట్టేది. మహా మొండిది. ఒకనాడు బట్టలు ఉతకడానికి చెరువుకు పోతూ మూరెడు బీడీ దారం తెంపి, తన పెళ్ళినాటి నల్లపూసల లచ్చా విప్పి, పాత దండల పూసలు కలిపి వెంట తీసుకుపోయింది. కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా కనపడ్డ పిట్టలన్నిటినీ వరసగా దారానికి ఎక్కించింది. కొంగకు పెద్ద గాజుపూస, నీటికాకికి గరుకు చెక్కపూస, బుడబుంగకు నల్లపూస. జరగకుండా ముళ్ళు వేసింది. ఖాళీ నీళ్ళకు ఖాళీ దారం వదిలింది. దాన్ని మణికట్టుకు చుట్టుకునే బట్టలన్నీ ఉతికి, ఇంటికి వచ్చి తడి దారం ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చాలాసేపు తడిమాడు. తర్వాత పెట్టె తెమ్మన్నాడు. జానెడు దారం తడిమి, గుర్తు పెట్టుకుని ఊదాడు. మళ్ళీ జానెడు తడిమాడు. మా చేతుల్లో బీడీలు ఆగిపోయాయి. నేనైతే ఏడ్చేశాను, దాచుకోవడానికేముంది?

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. తర్వాత వానలు మొహం చాటేసిన ఏడు వచ్చింది. చెరువు ఎండి నెర్రెలు బారింది. బట్టలు బోరింగు దగ్గరికి మారాయి. ఈ సంగతి తెలిస్తే ఆయన మళ్ళీ మంచం పడతాడని మా అందరికీ భయం. హుస్నాబీ మా ఇంటి వెనక కూర్చుని, నిరుటి పిట్టలను గుర్తు చేసుకుంటూ దారానికి ఎక్కించింది. నేను పక్కనే కూర్చుని పూసలు అందించాను.

అజ్మత్ భాయి ఆ దారం పట్టుకున్నాడు. ఒక్క పూస కూడా తడమలేదు.

"హుస్నా, చెరువు ఎండిందా?"

"ఎవలు చెప్పిన్రు జీ?"

"దారం పొడిగున్నది."

ఆమె ఆయన వేలు పట్టి పూస మీద పెట్టింది. "పూసలైతె ఉన్నయి గద, ఊదున్రి" అంది.

"లేని పిట్టలను నేను ఊద. కండ్లు పోయినయి గని, అబద్ధం ఆడే పెదవులు గావు నాయి."

పెట్టె మూతపడింది. పిలిస్తే పలకడు, పెడితే తినడు. ఆ ఎండాకాలం మా గల్లీ నోరు కుట్టేసినట్టు ఉండేది. హుస్నాబీ ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఆగిపోయేది. ఆయన ఇక ఊదడేమోనని ఆమె బెంగ, పైకి అనేది కాదు.

మిరుగు కార్తెలో ఒక రాత్రంతా వాన కొట్టింది. తెల్లారగానే చెరువుకు ఉరికిన హుస్నాబీ బురద కాళ్ళతో తిరిగొచ్చింది. చేతిలో దారం ఉంది, దాని మీద పూస లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఒక్క పూసన్న ఎక్కియ్యకపోతివి! మల్ల అలుగుతడు గద?"

"పిట్టలు ఇంక రాలే బాలక్కా. లేనియి ఎట్ల ఎక్కియ్యాలె?"

దారాన్ని ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. గట్టిగా పిండాడు. ఒక నీటిచుక్క ఆయన లుంగీ మీద పడింది.

"పెట్టె తే."

క్లారినెట్ పెదవుల దాకా వచ్చింది. మేమంతా గడపల్లోకి వచ్చి నిలబడ్డాం. చప్పుడు లేదు. ఆయన నిండా ఊపిరి తీసుకుని, బిగబట్టి, అట్లాగే కూర్చున్నాడు. హుస్నాబీ ఆయన భుజం పట్టి కుదిపింది.

"ఊదున్రి జీ!"

ఆయన ఊపిరి వదిలి, చెమ్మగిల్లిన కళ్ళతో నవ్వాడు.

"ఊదుతనే ఉన్న, ఇనవేందే? నీళ్ళొచ్చినయి."

మళ్ళీ ఊపిరి బిగబట్టాడు. హుస్నాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఆయన పక్కన కూలబడింది. మేము ఆ పాట అయిపోయేదాకా కదలకుండా నిలబడి విన్నాం.